పహిల్వాన్ ఇంటికి తిరిగొచ్చాక

హైదరాబాదు పాతబస్తీలో 'పహిల్వాన్' అనేది ఒకప్పుడు గౌరవంతో పిలిచే పిలుపు. ఆ పేరున్న మనిషి వీధిలోకి వస్తే పిల్లలు అరుగు దిగి సలాం చేసేవారు. ఇప్పుడు అదే మాట వార్తల్లో కనిపిస్తే చాలామందికి భూతగాదాలు, బెదిరింపులు గుర్తుకొస్తున్నాయి. కొందరి నడత వల్ల ఒక విద్యకే మచ్చ పడింది. కాబట్టి ఆ విద్య ఏమిటో, దాన్ని నేర్చినవాడు ఇంట్లో ఎలా బ్రతకగలడో చెప్పుకోవడం అవసరం.

కుస్తీ నేర్పే చోటును పాతబస్తీలో తాలీం అంటారు. నేర్పేవాడు ఉస్తాద్, తెలుగులో మనం అనే 'వస్తాదు' ఆ మాటే. దక్షిణాన ఉన్న బార్కస్, నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల సంతతి నివసించే పేట. 'బ్యారక్స్' అన్న మాటే అలా మారింది. జామపండ్లకు ఎంత పేరో, పహిల్వాన్లకూ ఆ పేటకు అంత పేరు. తాలీంలో మెత్తని ఎర్రమట్టిని తవ్వి, నూనె, మజ్జిగ, పసుపు వంటివి కలిపి గోదా తయారుచేస్తారు. తెల్లవారకముందే దండీలు, బస్కీలు మొదలవుతాయి. ప్రత్యర్థి రెండు భుజాలూ మట్టికి ఆనితే అతడు చిత్తయినట్టు. అయితే పట్లకంటే ముందు నేర్పేది నిగ్రహం: వేళకు నిద్ర, వేళకు తిండి, మత్తుకు దూరం, గోదాలో నేర్చిన పట్టు వీధిలో వాడకపోవడం.

ఈ మట్టి కుస్తీ నుండి టికెట్టు పెట్టి చూపించే వృత్తి కుస్తీకి వెళ్లి, దేశంలో ఇంటింటికీ తెలిసిన పేరు దారా సింగ్. 1928 నవంబరు 19న అమృత్‌సర్ జిల్లా ధర్మూచక్ గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టాడు. యౌవనంలోనే సింగపూరు వెళ్లి, అక్కడ కుస్తీనే జీవనోపాధిగా చేసుకున్నాడు. బరువులో తనకంటే ఎంతో భారీ అయిన కింగ్ కాంగ్‌తో తలపడి పేరు తెచ్చుకున్నాడు. 1959లో కలకత్తాలో జార్జ్ గోర్డియెంకోను ఓడించి కామన్వెల్త్ ఛాంపియన్ అయ్యాడు. 1968లో బొంబాయిలో అమెరికా మల్లుడు లూ థెస్జ్‌ను గెలిచాడు. 1983లో ఢిల్లీలో పోటీలు జరిపి గోదాకు సెలవు చెప్పాడు. వృత్తి కుస్తీలో ఎవరు గెలవాలో ముందే అనుకునే ఆటలు ప్రపంచమంతటా ఉన్నాయి. అయినా దానికోసం పెంచుకున్న దేహం, తిన్న దెబ్బలు, ఊరూరా తిరిగిన ప్రయాణాలు నిజమైనవే.

అటువంటి తిరుగుడు జీవితంలో కుటుంబాన్ని నిలుపుకోవడం తేలిక కాదు. చిన్నతనంలో పెద్దలు చేసిన అతని మొదటి పెళ్లి నిలవలేదు. 1961లో సుర్జీత్ కౌర్‌ను చేసుకున్నాడు. ఆ కాపురం అర్ధశతాబ్దం దాటి, అతని చివరి రోజు వరకూ నిలిచింది. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. తమ్ముడు రంధావా కూడా అన్న వెంట కుస్తీలోకి, సినిమాల్లోకి వచ్చాడు. 1987లో దూరదర్శన్ 'రామాయణ్' మొదలైనప్పుడు హనుమంతుడిగా కనిపించిన దారా సింగ్ వయసు అరవైకి దగ్గర. 2007లో వచ్చిన 'జబ్ వీ మెట్'లో నిండు ఇంటికి పెద్దదిక్కయిన తాతగా కనిపించాడు. ఆ పాత్ర అతనికి అతికినట్టు కుదిరింది.

1964లో అతడు 'సామ్సన్' అనే సినిమాలోనూ నటించాడు. ఆ పేరు మన పాఠకులకు కొత్త కాదు. న్యాయాధిపతుల గ్రంథంలోని సమ్సోనుకు బలం కొరత లేదు. ఆ బలాన్ని అదుపులో ఉంచే నిగ్రహమే కరువైంది. పెళ్లి విందు పగతో ముగిసింది. దెలీలా దగ్గర రహస్యం జారింది. కళ్లు పోయి గాజాలో తిరగలి విసరవలసి వచ్చింది. చివరికి అతని సహోదరులు వచ్చి, శవాన్ని మోసుకెళ్లి తండ్రి సమాధిలో పాతిపెట్టారు. బలవంతుడు ఇంటికి చేరాడు గానీ, ప్రాణంతో కాదు.

దారా సింగ్ ముగింపు వేరు. 2012 జూలైలో గుండెపోటుతో ముంబయిలో ఆసుపత్రి పాలయ్యాడు. ఇక కోలుకోవడం కష్టమని వైద్యులు చెప్పాక, కుటుంబం 11న ఇంటికి తీసుకువచ్చింది. మర్నాడు, 83 ఏళ్ల వయసులో, అయినవాళ్ల మధ్య కన్ను మూశాడు. ఎన్ని పట్టాలు గెలిచినా ఆ చివరి రాత్రికి అవసరమైనది పక్కన కూర్చునే మనుషులే. అటువంటి మనుషులు ఒక్క రోజులో దొరకరు. ఏళ్ల తరబడి ఇంటికి ఇచ్చిన కాలమే వాళ్లను దగ్గరగా నిలుపుతుంది.

అందరు పహిల్వాన్లకూ సినిమాలు, పదవులు దొరకవు. తాలీం విడిచాక చాలామందిని పట్టించుకునేవారు ఉండరు. కసరత్తు ఆగినా పాలు, నెయ్యి, మాంసం అదే లెక్కలో సాగితే షుగరు, గుండె జబ్బు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. మోకాళ్లు, నడుము పాత దెబ్బలను గుర్తుచేస్తాయి. పది మందిని ఎత్తి పడేసినవాడికి మెట్టెక్కడానికి మనవడి భుజం అడగడం కష్టంగానే ఉంటుంది. అడగకముందే ఆ భుజం అందించడం ఇంటివాళ్ల పని. అతని తిండి లెక్క మార్చడం, వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లడం, చెప్పిన కథనే మళ్లీ చెప్పినా విసుక్కోకుండా వినడం కూడా వాళ్ల పనే.

మీ వీధిలోనూ చెవులు నలిగి ముద్దకట్టిన ఒక వృద్ధుడు ఉండవచ్చు. ఆయన ఎవరిని ఓడించాడో అడగండి, సంతోషంగా చెబుతాడు. తర్వాత పిల్లలను ఎలా చదివించాడో, జబ్బుపడిన భార్యకు ఎలా సేవచేశాడో కూడా అడగండి. ఆ సంగతులు ఏ పోస్టరు మీదా అచ్చు కాలేదు. పహిల్వాన్ అన్న మాటకు పాత గౌరవం తిరిగి రావాలంటే, మన పిల్లలు ఆ రెండో కథ కూడా వినాలి.