కట్టు వేసిన 5 రోజుల్లోనే కండ కరగడం మొదలు.. విప్పేదాకా ఆగితే నష్టమే!

కాలు జారి చీలమండ దెబ్బతింది. డాక్టర్ కట్టు వేసి రెండు వారాలు కదపొద్దన్నారు. తీరా కట్టు విప్పి చూస్తే పిక్క సన్నబడిపోయి కనిపిస్తుంది. నిలబడితే కాలు వణుకుతుంది, మెట్లు ఎక్కాలంటే భయం వేస్తుంది. ఎముక అతుక్కుంటే చాలు, కండ దానంతటదే వస్తుందిలే అని ఇంట్లోవాళ్లు ధైర్యం చెబుతారు. వయసులో ఉన్నవాళ్ల విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. కానీ 60 దాటిన వాళ్లకు పోయిన కండ అంత తేలిగ్గా తిరిగి రాదు. అందుకే జాగ్రత్తలు కట్టు విప్పాక కాదు, కట్టు వేసిన రోజు నుంచే మొదలుపెట్టాలి.

ఎంత వేగంగా తగ్గుతుంది?

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న యువకులకు ఒక కాలికి కట్టు వేసి పరీక్షించారు. 2014లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. 5 రోజులకే తొడ ముందు కండరం 3.5 శాతం తగ్గింది. కాలి బలం 9 శాతం పడిపోయింది. 14 రోజులు కట్టు ఉంచినవాళ్లలో కండరం 8 శాతానికి పైగా, బలం 23 శాతం తగ్గాయి. అంటే కండ కంటే బలమే వేగంగా పోతోంది. వాడకం లేకపోతే కండరానికి మెదడు, నరాల నుంచి వెళ్లే సంకేతాలు కూడా బలహీనపడటం ఇందుకు ఒక కారణం.

అసలు ఎందుకు కరుగుతుంది?

కండరంలో పాత ప్రోటీన్ పోవడం, కొత్తది తయారవడం రోజూ జరిగే పనే. కాలు, చెయ్యి కదలకపోతే కొత్త ప్రోటీన్ తయారీ మందగిస్తుంది. పైగా తిన్న ఆహారంలోని ప్రోటీన్‌ను కండరం మునుపటిలా వాడుకోలేదు. నిలబడటానికి, నడవడానికి పనికొచ్చే తొడ, పిక్క కండరాలపై ఈ దెబ్బ ఎక్కువగా పడుతుంది.

కట్టులో ఉండగానే ఏం చేయొచ్చు?

ఇవన్నీ డాక్టర్ లేదా ఫిజియోథెరపిస్ట్ సరేనన్నాకే చేయాలి. ఎముక సరిగా కుదురుకోని విరుగుళ్లలో, నరం లేదా స్నాయువు కుట్టిన కేసుల్లో చిన్న కదలిక కూడా ముప్పే.

* బిగించి వదలడం: కాలు కదపకుండా తొడ కండరాన్ని 5 సెకన్లు బిగించి వదిలేయాలి. ఒకసారికి 10 చొప్పున రోజులో నాలుగైదు సార్లు చేయొచ్చు. కీలు కదలదు, కండరానికి పని మాత్రం దొరుకుతుంది.

* కట్టు లేని కీళ్లను కదపడం: ముంజేతికి కట్టు ఉంటే వేళ్లు, భుజం కదుపుతూ ఉండాలి. లేదంటే కట్టు విప్పేసరికి భుజం కూడా బిగుసుకుపోతుంది. కాలికి కట్టు ఉంటే వేళ్లు ఆడిస్తూ ఉండాలి.

* రెండో చేతికి, కాలికి వ్యాయామం: వినడానికి వింతగా ఉన్నా ఇందులో లాభం ఉంది. ఒక చేతికి వ్యాయామం చేయిస్తే నరాల ద్వారా రెండో చేతి బలానికీ కొంత మేలు జరుగుతుంది. కెనడాలో మణికట్టు విరిగిన 50 ఏళ్లు దాటిన మహిళలపై ఇదే పరీక్షించారు. బాగున్న చేతికి వ్యాయామం చేసినవాళ్లలో 12వ వారానికి విరిగిన చేతి పట్టు మెరుగ్గా ఉంది. 26వ వారానికి మాత్రం ఇరు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే దీని లాభం త్వరగా కోలుకోవడంలోనే.

* కరెంట్ ప్రేరణ: ఫిజియోథెరపీలో వాడే చిన్న పరికరంతో కండరాన్ని ముడుచుకునేలా చేస్తారు. 5 రోజులు కట్టు వేసిన యువకుల్లో ఇది కండ తగ్గకుండా ఆపింది. బలం తగ్గడాన్ని మాత్రం ఆపలేకపోయింది. దీన్ని సొంతంగా కొని వాడకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టర్‌కు ముందే చెప్పాలి.

పప్పు తింటే చీము పడుతుందా?

మన ఇళ్లలో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. దెబ్బ తగిలినా, ఆపరేషన్ అయినా పథ్యం పేరుతో పప్పు, గుడ్డు, మాంసం మాన్పించి చారన్నంతో సరిపెడతారు. చీము పట్టేది పుండులోకి బ్యాక్టీరియా చేరితేనే. పప్పుతో దానికి సంబంధం లేదు. పైగా కండ, ఎముక, పుండు కోలుకోవడానికి ప్రోటీన్ కావాల్సిన సమయం అదే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి ఇది సుమారు 50 గ్రాములు. వృద్ధులకు, గాయపడిన వాళ్లకు ఇంకాస్త ఎక్కువే అవసరం. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాములు, 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు ఉంటుంది. అంతా ఒకే పూట కాకుండా మూడు పూటలా పంచుకుని తినాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎంత తినాలో డాక్టర్‌నే అడగాలి.

అలాగని డబ్బాల కొద్దీ ప్రోటీన్ పౌడర్ కొనాల్సిన పనిలేదు. 5 రోజులు కాలు కదపని వృద్ధులకు రోజుకు రెండుసార్లు 20 గ్రాముల చొప్పున అదనంగా ఇచ్చి చూసినా కండ తగ్గడం ఆగలేదు. తిండి ఒక్కటే సరిపోదు, కండరానికి పని కూడా ఉండాలి.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

కట్టు లోపల భరించలేని నొప్పి, వేళ్లు తిమ్మిరెక్కడం, చల్లబడటం, నీలిరంగుకు మారడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. కట్టు మరీ బిగుతైతే రక్తం ఆడక కండరమే చచ్చిపోయే ప్రమాదముంది. నాటు కట్టు అయినా, పిండికట్టు అయినా ఇది వర్తిస్తుంది. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టిందేమో చూపించుకోవాలి.

కట్టు వేయించుకుని ఇంటికి బయల్దేరే ముందే డాక్టర్‌ను మూడు ప్రశ్నలు అడగాలి. ఏ కీలు కదపొచ్చు? ఎంత బరువు మోపొచ్చు? ఏ వ్యాయామం ఈరోజే మొదలుపెట్టొచ్చు?

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చికిత్స విషయంలో వైద్యుల సలహానే పాటించాలి.