వయసు మీద వేసే నింద

పెద్దవారి అడుగు నేలకు అతుక్కున్నట్టు కదలక, మూత్రం ఆగక, మతిమరుపూ తోడైతే వయసే కారణమనుకుంటాం. మేమూ అలాగే అనుకునేవాళ్లం. కొందరిలో అసలు కారణం మెదడు గదుల్లో నీరు పేరుకోవడం. కొలంబియా వైద్యుడు హకీం 1965లో దీన్ని వివరించారు.

స్కానింగులో గదులు పెద్దవిగా కనిపిస్తే చాలదు. నడుము దగ్గర వెన్నులోంచి సూదితో 30 నుంచి 50 మిల్లీలీటర్ల నీరు తీసి, అంతకు ముందూ ఆ తర్వాతా నడిపించి చూస్తారు: అదే దూరానికి ఎన్ని అడుగులు, ఎన్ని సెకన్లు? నడక బాగుపడితే షంటు ఆపరేషన్ ఫలించే అవకాశం ఎక్కువ.

బాగుపడకపోతే జబ్బు లేదని కాదు. సన్నని గొట్టం రెండు మూడు రోజులుంచి, నీరు కొద్దికొద్దిగా తీసి మళ్లీ పరీక్షించవచ్చు. ఇది ఆసుపత్రిలో ఉండి చేయించుకోవాల్సినది. సాయం కోరే కుటుంబాలకు ఈ ఖర్చూ లెక్కలో ఉంచమని దాతలను కోరుతున్నాం.