పొట్టేలుకు మూత్రంలో రాళ్లు: ఏ మేత మేలు?



సూళ్లూరుపేట చుట్టుపక్కల వరి పండుతుంది గనుక తవుడుకు కొదువ లేదు. త్వరగా కండ పట్టాలని పొట్టేలుకు అదే దండిగా పెడతాం. కాని తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం, అంటే సున్నపు ధాతువు, బహు తక్కువ. తవుడు మీదనే పెంచితే మూత్రాశయంలో రాళ్లు కట్టవచ్చును. ఆడగొర్రెకైతే చిన్నరాళ్లు బయటికి పోతాయి. పొట్టేలు మూత్రనాళం సన్నం, పైగా వంకర, అక్కడ అడ్డుపడతాయి.

మేతలో భాస్వరం 1 పాలైతే కాల్షియం 2 పాళ్లు ఉండవలెను. కనుక తవుడు తగ్గించి వేరుశనగ కట్టె, అవిశాకు, పచ్చిగడ్డి పెట్టండి. 100 కిలోల దాణాలో మేతకు వాడే సున్నపురాయి పొడి 2 కిలోలు, ఉప్పు 1 కిలో కలపండి. తాంబూలపు సున్నం పనికిరాదు. ఉప్పు తింటే దాహం వేస్తుంది. నీళ్లు తాగితేనే మూత్రం పలచబడుతుంది. పులికాట్ ఒడ్డున బావినీళ్లు ఉప్పగా ఉన్నచోట మంచినీళ్లు మోసి అయినా తొట్టి నింపండి.

పొట్టేలు ముక్కుతూ, పళ్లు కొరుకుతూ, చుక్కచుక్కగా పోస్తుంటే మేత మార్చి చూద్దామని కూర్చోకండి. అడ్డుపడిన రాయి మేతతో కదలదు. మూత్రాశయం పగిలితే జీవం దక్కడం కష్టం. ఆ పూటే పశువైద్యునికి చూపించండి.