కారెంపూడి బస్సెక్కితే పల్నాటి రణక్షేత్రం

గురజాల: సెలవు రోజున ఎక్కడికి పోదామంటే మన ప్రాంతంలో చాలామంది నాగార్జునసాగరో, ఎత్తిపోతలో అంటారు. గురజాలలో కారెంపూడి బస్సెక్కితే పల్నాటి యుద్ధం జరిగిన నేలపై కాలినడకన తిరిగి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

12వ శతాబ్దంలో గురజాల నలగామరాజుకు, మాచర్ల మలిదేవునికి రాజధానులు. దాయాదుల పోరు కారెంపూడిలో తేలింది. బస్సు దిగి ఊళ్లోకి నడిస్తే చెన్నకేశవస్వామి, అంకాలమ్మ గుళ్లు, నాగులేటి ఒడ్డున వీరుల గుడి చూడవచ్చు. యుద్ధంలో ఒరిగిన వీరుల పేర నిలిపిన రాళ్లు నేటికీ పూజలందుకుంటున్నాయి.

కార్తీక అమావాస్యకు మొదలయ్యే తిరునాళ్ల ఐదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకో పేరు. ఆచారవంతులు కొణతాలతో తరలివస్తారు. మందపోరు నాడు కులం అడగకుండా చాపకూడు పెడతారు. ఇది బ్రహ్మనాయుడు నేర్పిన పద్ధతి అని పెద్దలు చెబుతారు.

‘మనూరు ఏ పక్షం?’ అని గురజాల పిల్లవాడు అక్కడ అడగక మానడు. రెండు పక్షాలూ నాశనమయ్యాయన్నదే జవాబు. కక్షలకు పేరుపడ్డ పల్నాడులో ఆ మాట పిల్లలకు ఆ రాళ్ల ముందే చెప్పాలి.

రెంటచింతల ఎండ తెలిసినవారు కార్తీకం నుంచి మాఘం లోపు వెళ్లడం మేలు. మంచినీళ్లు వెంట ఉంచుకోవాలి. వానలప్పుడు ఏట్లో దిగరాదు. తిరుగు బస్సు వేళ దిగేటప్పుడే కండక్టరును అడగాలి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవారికి ప్రయాణం ఉచితం కనుక అమ్మమ్మలనూ తీసుకెళ్లండి. కథ బాగా తెలిసినది వారికే.