రంగురంగుల బొంత – బట్ట ఎంపిక, కుట్టే విధానం, బిడ్డకు వాడే పద్ధతి

కాన్పు దగ్గరపడుతున్న ఇంట్లో పెద్దవాళ్ళు చేసే పనుల్లో ఒకటి పాత పెట్టె తెరవడం. వాడి వాడి మెత్తబడిన నూలు చీరలు, పంచెలు బయటికి తీసి, బిడ్డ బొంతకు ఏవి పనికివస్తాయో చూస్తారు. ఈ అలవాటు ఇప్పుడు తగ్గుతోంది. అతుకుల బొంతతో ఆసుపత్రికి వెళితే నలుగురూ ఏమనుకుంటారో అని, బజారులో మెరిసే సింథటిక్ దుప్పటి కొనేవారు ఉన్నారు. అతుకుల బొంతను చూసి సిగ్గుపడనక్కరలేదనీ, జాగ్రత్తగా బట్ట ఎంచుకొని కుడితే అది బిడ్డకు చాలా మంచిదనీ చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాము.

అతుకుల్లోనే అందం

పాత బట్టలను పొరలుగా పరిచి కుట్టుకోవడం మన దగ్గరే కాదు, చాలా చోట్ల ఉంది. బెంగాలులో దీన్ని కాంథా అంటారు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి స్త్రీలు పొలం పనుల్లో చిరిగిపోయిన బట్టలతో బొంతలు కుట్టుకునేవారు. ఆ బొంతలను 2002లో హ్యూస్టన్ నగరంలోని మ్యూజియంలో ప్రదర్శించారు. 2006లో వాటి బొమ్మలతో అమెరికా తపాలా శాఖ స్టాంపులు కూడా వేసింది. అవన్నీ చలికి కప్పుకోవడానికి కుట్టుకున్న మామూలు బొంతలే.

ముందు బట్ట, తరువాతే రంగు

పసిబిడ్డకు మొదట పాత బట్టే వాడాలనే మన పెద్దల మాటలో మంచి ఉంది. ఎన్నోసార్లు ఉతికిన నూలు బట్టలో గంజి మిగలదు, అది చర్మానికి మెత్తగా ఉంటుంది. నూలు చెమటను పీల్చుకుంటుంది. వేడినీళ్ళలో ఉతికినా, ఎండలో ఆరేసినా తట్టుకుంటుంది. పాలియెస్టర్, నైలాన్ చెమటను అంతగా పీల్చవు. పైగా నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటాయి.

బట్ట నూలుదో కాదో తెలియకపోతే నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకొని, పిల్లలకు దూరంగా వెలిగించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద అవుతుంది. సింథటిక్ అయితే కరిగి గట్టి ఉండలా మిగులుతుంది.

చీరను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పలుచబడిన చోట్లు కనిపిస్తాయి. ఆ భాగం వదిలేయండి. జరీ అంచు గీరుకుంటుంది కనుక కత్తిరించి పక్కన పెట్టండి. టైలరు షాపులో మిగిలిన కొత్త ముక్కలు దొరికితే ముందు ఉతికి ఆరేయండి. అప్పుడు గంజి పోతుంది, బట్ట ముడుచుకునేదేదో ముందే ముడుచుకుంటుంది. ముదురు ఎరుపు, నీలం ముక్కలను తడిపి తెల్లగుడ్డ మీద రుద్దండి. రంగు అంటితే ఆ ముక్క బిడ్డ బొంతకు వద్దు.

ఇప్పుడు రంగుల సంగతి. ముక్కలన్నీ నేలమీద పరిచి, లేచి నిలబడి చూడండి. ముదురు ముక్క పక్కన లేత ముక్క ఉంటే రెండూ బాగా కనిపిస్తాయి. పుట్టిన కొత్తలో బిడ్డ కళ్ళకు కూడా ముదురు, లేత రంగుల మధ్య తేడాయే బాగా తెలుస్తుంది. అమ్మమ్మ చీర, తాతయ్య లుంగీ, అక్కకు పొట్టిదైన గౌను అన్నీ ఇందులో కలుస్తాయి.

కుట్టే విధానం

ముక్కలను 7 అంగుళాల చదరాలుగా కత్తిరించండి. వరుసకు 5 చొప్పున 7 వరుసలకు 35 ముక్కలు కావాలి. ప్రతి పక్కా అర అంగుళం కుట్టులోకి పోతుంది కనుక బొంత 30 అంగుళాల వెడల్పు, 42 అంగుళాల పొడవు వస్తుంది. లోపలికి మూడు పొరలు, అడుగున ఒక పొర ఉండాలి. వీటికి 31 అంగుళాల వెడల్పు, 43 అంగుళాల పొడవు గల నాలుగు ముక్కలు కత్తిరించుకోండి. మామూలుగా ఒక పాత చీరలో ఇవన్నీ వచ్చి, ఇంకా మిగులుతుంది.

పొరలన్నీ ముడతలు లేకుండా పరిచి, నడిమి నుంచి అంచుల వైపు పెద్ద పెద్ద టాకాలు వేయండి. అంచులు అర అంగుళం లోపలికి మడిచి కుట్టండి. ఆ తరువాత నూలు దారంతో దగ్గర దగ్గరగా వరుసలు కుట్టి, చివర టాకాలు తీసేయండి. మొత్తం ఐదు పొరలు చాలు. మరీ మందమైతే ఒక్క ఎండలో ఆరదు, లోపల తడి నిలిచి బూజు పడుతుంది.

పూసలు, అద్దాలు, బొత్తాలు కుట్టవద్దు. అవి ఊడితే బిడ్డ నోట్లో పెట్టుకుంటుంది. వేలాడే దారాలు ఉంచవద్దు. దారం బిడ్డ వేలికి చుట్టుకుంటే రక్తం ఆడక వేలికే ప్రమాదం వస్తుంది. పని మొదలుపెట్టేటప్పుడు ఎన్ని సూదులు తీశారో, ముగించేటప్పుడు అన్నీ ఉన్నాయో లేదో లెక్కచూసుకోండి.

నలభై దాటినవారికి సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతుంటే కంటి పరీక్ష చేయించుకోండి. షుగరు వ్యాధి ఉన్నవారికి వేళ్ళ స్పర్శ తగ్గి సూది గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. వారు వేలికి తొడుగు పెట్టుకొని కుట్టడం మంచిది.

బొంత వేడి పుట్టించదు

ఆసుపత్రికి వచ్చే ప్రతి తల్లికీ మేము చెప్పదలచిన మాట ఇది. పొరల మధ్య నిలిచిన గాలి వలన ఒంటి వేడి బయటికి పోదు. బొంత చేసే పని అంతే. అది వేడిని కాపాడుతుంది కాని పుట్టించదు. 2.5 కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు వేడి పుట్టించుకునే శక్తి తక్కువ. అలాంటి బిడ్డ చల్లబడ్డాక ఎన్ని బొంతల్లో చుట్టినా చల్లగానే ఉండిపోవచ్చు. ఆ వేడి తల్లి ఒంటి నుంచి రావాలి.

అందుచేత బిడ్డకు టోపీ, లంగోటీ మాత్రం ఉంచి, వెనక్కి ఆనుకొని కూర్చున్న తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా నిలువుగా పెట్టి, బట్టతో కట్టాలి. పైనుంచి ఇద్దరికీ కలిపి బొంత కప్పాలి. బిడ్డ ముక్కు, నోరు ఎప్పుడూ బయటికి కనిపించాలి. దీన్నే కంగారూ మదర్ కేర్ అంటారు. ఇది 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో మొదలైంది. నెలలు నిండని బిడ్డలకు, తక్కువ బరువు బిడ్డలకు పుట్టిన వెంటనే మొదలుపెట్టి రోజుకు 8 నుంచి 24 గంటలు ఇలా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. తల్లికి వీలుకానప్పుడు తండ్రి గాని, అమ్మమ్మ గాని ఇలా ఎత్తుకోవచ్చు.

బిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. పాదాలతోపాటు పొట్ట కూడా చల్లగా ఉన్నా, బిడ్డ పాలు తాగకుండా మగతగా ఉన్నా, గుండెకు హత్తుకొని వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

విడిగా నిద్రపోయే బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. ఏడాది నిండేవరకు నిద్రలో పైన వదులు బొంత కప్పవద్దు, పక్కన దిండ్లు పెట్టవద్దు. అవి ముఖం మీదికి జరిగితే ఊపిరి ఆడదు. మెలకువగా ఉన్న బిడ్డను ఆడించడానికి నేలమీద బొంత పరచండి. ఏడాది దాటాక అదే బొంత కప్పడానికి పనికివస్తుంది.

ఉతకడం

తడిసిన బొంతను అలాగే ఆరేయకుండా ఉతికి, పూర్తిగా ఎండలో ఆరనివ్వండి. ఇంట్లో గజ్జి ఉంటే అందరూ ఒకేసారి మందు వాడి, అదే రోజు బొంతలన్నీ వేడినీళ్ళలో ఉతకాలి. ఉతకలేని పెద్ద బొంతను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి బిగించి వారం రోజులు ఉంచితే గజ్జి పురుగులు చచ్చిపోతాయి.

కొందరు బిడ్డలు నెలలు నిండకముందే పుడతారు. కనుక ఏడో నెల వచ్చేసరికి బొంత కుట్టి, ఉతికి, ఆరేసి సంచిలో సిద్ధంగా పెట్టుకోండి. కాన్పుకు వచ్చేటప్పుడు దాన్ని సంతోషంగా తెచ్చుకోండి.