గడియ వేసిన గది

మనసు నొచ్చినపుడు మన కోనసీమ స్త్రీ "మనసు బాగులేదు" అని చెప్పుట యరుదు. తల తిరుగుచున్న దనును. గుండె దడ యనును. ఒడలంతయు మంట లనును. రాత్రి కన్ను మూతపడ దనును. ఇంటివారు రక్తపరీక్షలు చేయింతురు, బలమునకు మందు తెత్తురు. రక్తహీనతయు థైరాయిడు దోషమును గూడ నిట్లే బాధించును గాన పరీక్షలు వలదని మా యభిప్రాయము గాదు. కాని వానిలో నేమియు తేలనిచో "అంతయు నీ భ్రమ" యని తీర్పు చెప్పుటయే మాకు నచ్చనిది. ఇట్టి బాధను మాటలతో విప్పి చూచు విద్య యొకటి కలదు. దాని నెఱిగిన కౌన్సెలరుతో నింటనుండియే, ఫోను తెరపై ముఖాముఖిగ మాటలాడు సదుపాయ మిపుడు మన లంకగ్రామములకును వచ్చినది. దానినిగూర్చి మా పాఠక సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

అమలాపురమునుండి కాకినాడకు బాలయోగి వారధి మీదుగా సుమారు 60 కిలోమీటర్లు. రాజోలువారి కంతకన్న దూరము. వారము వారము పోవలెనన్న బస్సు ఛార్జీల మాట యటుండగా, ఎందులకు పోవుచున్నదో వీథి కంతకును సమాధానము చెప్పవలెను. "పిచ్చిడాక్టరు" అను మాట యొక్కటి చాలును. ఇంట పెండ్లికావలసిన పిల్ల యున్నచో నిక నా ప్రయాణము సాగదు. రాజోలు, మలికిపురము ప్రాంతముల ననేక గృహములలో భర్త కువైటులోనో దుబాయిలోనో యుండును. కొన్నిట భార్యయే పనికై యటకు పోగా, అమ్మమ్మ పిల్లలను పెంచుచుండును. ఇంటి భారమంతయు మోయు స్త్రీకి కదలుట కవకాశ మెక్కడిది? దిగులును ఆందోళనయు మితముగ నున్నవారికి, ఎదుట కూర్చుండి మాటలాడినపుడు కలుగు మేలు ఇంచుమించుగ తెరద్వారా మాటలాడినను కలుగుచున్నదని పలు పరిశోధనలు తేల్చినవి.

ఈ పని యెట్లు జరుగును? సాధారణముగ వారమున కొకసారి, 45 మొదలు 50 నిమిషములు. మొదటినాడు కౌన్సెలరు సలహా లీయదు, అడుగును, వినును. ఇంటి చిరునామాయు, నమ్మకమైన మఱియొకరి ఫోను నంబరును గూడ నడుగును. ఆపదలో సాయము పంపుటకే గాన సందేహింప బనిలేదు. తరువాత నింటికి పని యిచ్చును. అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ 1960 దశకమున రూపొందించిన పద్ధతిలో ముఖ్యసాధన మొక నోటుపుస్తకము. కువైటునుండి రాత్రి ఫోను రాలేదనుకొందము. "ఫోను రాలేదు" అనునది జరిగినది. "నే నక్కఱలేనిదాన నైతిని" అనునది మనసు కల్పించుకొన్నది. గుండెదడ పుట్టించినది రెండవది. ఈ రెండింటిని వేర్వేఱుగ వ్రాసికొని, రెండవదానికి సాక్ష్యమే మున్నదో కౌన్సెలరుతో గూడి తర్కింపవలెను. చూచుటకు చిన్నపనియే, చేయునపుడు కన్నీళ్లు వచ్చును. రెండు వారములలో గుణము కనబడలేదని మానుకొనువారు కలరు. అప్పటికి పుస్తకములో నాలుగు పుట లైనను నిండియుండవు.

అసలు చిక్కు వేఱొకచోట నున్నది. మన యిండ్లలో స్త్రీ పట్టపగలు గది తలుపు గడియ వేసికొనుట యొక వింత. 2018 మే 29 నుండి అమలులో నున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 2017, ఈ మాటలు గోప్యముగ నుండు హక్కు నిచ్చినది. చట్టము కౌన్సెలరు నోటికి తాళము వేయగలదు గాని, వసారాలో కూర్చున్న యాడుబిడ్డ చెవులు మూయలేదు. ఎవరో వినుచున్నారను శంక యున్నచో, ఆ యిల్లాలు అత్తగారి మోకాలినొప్పులను గూర్చియే 50 నిమిషములు మాటలాడి ఫోను పెట్టివేయును, రుసుము దండుగ. కావున వేళ ముందుగ చూచుకొనవలెను. పిల్లలు బడికి పోయిన పిదప, కువైటు ఫోను వచ్చు వేళ గాకుండ నున్న మేలు (అచటి గడియారము మనకన్న రెండున్నర గంటలు వెనుక). చెవులకు హెడ్‌ఫోను, గది వెలుపల టీవీ చప్పుడు. కొబ్బరితోటలోనికి పోదలచినవారు, గట్టుకావల పొరుగువారి దింపు జరుగుచున్నదేమో చూచుకొనుట మంచిది. ఫోను నలుగురి చేతులలో తిరుగునదైనచో సందేశములు తుడిచివేయవలెను.

అత్తగార్ల కొక విన్నపము. కోడలు మన గుట్టు పరులకు చెప్పుచున్నదని నొచ్చుకొనకుడు. ఆమె చెప్పునది తన గుట్టే. ఆ గంటసేపు మనుమని నెత్తుకొని అరుగుమీద కూర్చుండుడు. ఏమి మాటలాడితివని పిదప నడుగకుడు.

కౌన్సెలరను పేరు స్వల్పకాలపు కోర్సు చదివినవారును పెట్టుకొనుచున్నారు. చదువేమో మొగమాటము లేక యడుగుడు. క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు సంఖ్య యుండును. మందు లవసరమైనచో వ్రాయువారు సైకియాట్రిస్టులు. రుసుము పెట్టుకొనలేనివారికి, 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలీ మానస్ కలదు. 14416 నంబరుకు రేయింబవళ్లు, ఉచితముగ, తెలుగుననే మాటలాడవచ్చును. చావవలెనను తలంపు పుట్టినచో వారపు వేళవఱకు ఆగరాదు. అపుడే ఆ నంబరునకు చేయవలెను, ఒంటిగ నుండరాదు, దగ్గఱి ఆసుపత్రికి పోవలెను. భర్త కొట్టు నింట తెర మీది మాటలవలననే ప్రమాదము రావచ్చును. అట్టివారు 181కి, ప్రాణభయ మున్నచో 112కు చేయవలెను.

వానకాలమున కరెంటు పోయి మాట నడుమ తెగుట మన సీమలో సామాన్యము. తెగినచో నెవ రెవరికి ఫోను చేయవలెనో, ఎంతసేపు వేచియుండవలెనో మొదటినాడే యనుకొనుడు.