నారింజ వాగు నుంచి కోరింగ పాయ దాకా

జహీరాబాద్‌కు సముద్రం లేదు. సముద్రానికి దారులు మాత్రం రెండున్నాయి. ఊరి మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పుణెలో మొదలై బందరు రేవు దగ్గర ఆగుతుంది. నారింజ వాగేమో బీదర్ వైపు తిరిగి మంజీరలో కలుస్తుంది. ఆ మంజీర సింగూరు, నిజాంసాగర్ దాటి కందకుర్తి దగ్గర గోదావరిలో పడుతుంది. ఆనకట్టలూ ఎండలూ మిగిల్చినంత మేర ఆ నీళ్ళు కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులకు చేరతాయి. ఈ చివర ఎండ్రకాయలు, ఆ చివర మండపీతలు. వాటిని పట్టే సరదా రెండు చోట్లా ఉంది.

ఇక్కడ పడవతో పనిలేదు. తొలకరి పడి వాగు పారిందంటే రాత్రిపూట గట్ల మీద టార్చిలైట్లు తిరుగుతాయి. రాయి తిప్పితే ఒకటి, ఒడ్డు బొక్కలో చెయ్యి పెడితే ఇంకొకటి. అంత ధైర్యం లేని పిల్లలు పుల్లకు దారం, దారానికి ఎర్రనో కోడిపేగునో కట్టి బొక్క ముందు ఆడిస్తారు. ఎండ్రకాయ పట్టిందంటే ఓ పట్టాన వదలదు. అయినా మెల్లగా లాగాలి, తొందరపడితే ఉత్త దారమే చేతికొస్తుంది. బొక్కల్లో పాములూ ఉంటాయి కనుక నా ఓటు దారానికే. రోట్లో దంచి, వడగట్టి, మిరియాలూ ఎల్లిపాయా వేసి కాచిన చారు జలుబుకు మందని నమ్మకం. మందు సంగతేమో గానీ, జొన్నరొట్టెలోకి ఎండ్రకాయ పులుసుకు వంక పెట్టలేం.

బుట్టలో వేసే ముందు ఒకసారి వెల్లకిలా తిప్పి చూడండి. పొట్ట మీది మూత సన్నగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. వానాకాలంలో ఆ వెడల్పు మూతను కాస్త ఎత్తితే, ఒక్కోసారి లోపల పెసరగింజంత పిల్లలు ఒకదాని మీదొకటి పాకుతూ కనిపిస్తాయి. మంచినీటి ఎండ్రకాయ గుడ్డులోంచి లార్వా రాదు, కాళ్ళూ డెక్కలూ ఉన్న బుల్లి ఎండ్రకాయే వస్తుంది. తల్లి వాటిని పొట్టకింద మోసుకు తిరుగుతుంది. సముద్రం మొహం చూడకుండానే ఈ జాతి దక్కనులో బతికేస్తోందంటే కారణం అదే. ఒక్క తల్లిని పట్టుకొస్తే సంసారమంతా పులుసులోకే.

మండపీత సంగతి వేరు. మడచెట్ల వేళ్ళ నడుమ బురదలో పెరిగిన ఆడపీత, గుడ్లు పొదిగించేందుకు సముద్రంలోకి పోతుంది. లార్వాలు ఉప్పునీళ్ళలో తేలుతూ ఎదిగి, బుల్లి పీతలయ్యాక పాయల్లోకి తిరిగొస్తాయి. అక్కడి వేట అంతా ఆటుపోట్ల లెక్కే. పోటు ఎక్కేటప్పుడు పీతలు మేతకు బయల్దేరతాయి. ఆటులో బురద తేలాక, బొక్కల్లో నక్కినవాటిని జాలర్లు ఇనప కొక్కెంతో లాగుతారు.

సరదాకి వెళ్ళేవాళ్ళకు నాటుపడవైనా కయాక్ అయినా రింగువలే సులువు. ఇనప చువ్వ వలయానికి వల బిగించి, నడుమ చేప తలకాయ కట్టి, మనిషి లోతు నీళ్ళలో దించుతారు. తాడు చివర థర్మోకోల్ ముక్క తేలుతుంటుంది. పది పదిహేను నిమిషాలాగి, చప్పుడు కాకుండా వెళ్ళి ఒక్క ఊపున లాగాలి. చెయ్యి ఆగిందా, పీత అంచు మీంచి జారుకుంటుంది. కయాక్‌లో తంటా ఇక్కడే. పక్కకు వంగితే పడవ ఒరుగుతుంది, లేచి నిలబడితే నీళ్ళలో పడేది మనమే. కూర్చునే, తాడు మోకాళ్ళ మధ్యకు తెచ్చుకుని లాగాలి. పీత ఆ ఇరుకులో కాళ్ళ దగ్గర పడిందంటే మనకు పారిపోవడానికి చోటుండదు. దాని డెక్క వేలును నుజ్జు చేయగలదు. వెనకనుంచి, ఈత కాళ్ళ మొదట్లో పట్టుకుని డెక్కలు తాడుతో కట్టి, తడిగోనె కింద వేస్తారు. మొప్పలు తడిగా ఉంటే చాలు, నీళ్ళు లేకపోయినా రోజుల తరబడి బతుకుతుంది. మన తీరం పీతలు ప్రాణాలతోనే సింగపూర్ విమానమెక్కేది అందుకే. అడుగున నొక్కితే మెత్తగా తగిలినది కొత్తగా గుల్ల విడిచిన పీత. దానిలో కండ తక్కువ, నీళ్ళెక్కువ. మళ్ళీ నీళ్ళలోకే.

అమెరికాలో మేరీలాండ్ తీరాన, చెసపీక్ అఖాతంలో నీలిపీతలను సరదాగా పట్టేది దారానికి కోడిమెడ కట్టే! మన పిల్లల పుల్లా దారమే అది. చట్టం మాత్రం గట్టిది. సరదా వేటలో ఆడపీతను ఇంటికి తీసుకెళ్ళకూడదు. మగది సీజన్ మొదట్లో 5 అంగుళాలు, జులై మధ్య నుంచి 5¼ అంగుళాల వెడల్పు ఉండాలి. అందుకే పడవలో కొలబద్ద ఉంచుకుంటారు. నారింజ ఒడ్డున కొలబద్ద అక్కర్లేదు, మూత ఎత్తి చూస్తే చాలు.

కోరింగ దాకా ఎందుకు, మంజీరలోనే కయాక్ దించుదాం అనుకునేవారికి ఒక మాట: సంగారెడ్డి దగ్గరి మంజీర అభయారణ్యం మొసళ్ళకు పేరుమోసింది. కోరింగకూ 1978 నుంచి అభయారణ్యం హోదా ఉంది, దాని హద్దుల్లో సరదా వేట కుదరదు. బయటి పాయల్లో, లైఫ్ జాకెట్ తొడుక్కుని, దారి తెలిసిన జాలరి వెంట వెళ్ళాల్సిందే. జహీరాబాద్ నుంచి లింగంపల్లి దాకా బస్సు, రాత్రికి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే కాకినాడ. అమావాస్య, పౌర్ణమికి పోటు పెద్దది, పీతలూ ఎక్కువే. కానీ ఆ లాగుడుకు కొత్త చేతులు ఆగవు. అష్టమికి కాస్త అటూ ఇటూ చూసుకుని టికెట్ తీసుకోండి.